గామా తూకం

పాలకేంద్రంలో లాక్టోమీటరు పట్టుకున్న కుర్రాడి పని తేలిక. క్యానులో పాలు కదలకుండా నిలబడతాయి, గొట్టం ముంచితే అదే తేలి అంకె చూపిస్తుంది. అనుమానమొస్తే రెండోసారి ముంచొచ్చు. చమురు బావి దగ్గర సిమెంటింగ్ యూనిట్ నడిపేవాడికి ఈ సుఖం లేదు. బూడిదరంగు సిమెంటు స్లర్రీ నిమిషానికి ఐదు బ్యారెళ్లు, అంటే దాదాపు 800 లీటర్లు, ఇనుప పైపులో ఉరుకుతూ ఉంటుంది. అందులో ఏ పరికరం పెట్టినా ఇసుక కాగితంతో రుద్దినట్టు అరిగిపోతుంది. అరగకపోతే దాని చుట్టూ సిమెంటు గడ్డకడుతుంది. వెళ్లిపోయిన స్లర్రీని వెనక్కి పిలిచి మళ్లీ తూచడమూ కుదరదు, అది అప్పటికే బావిలో కిలోమీటర్ల లోతుకు దిగుతోంది.

అందుకే తూకపురాయిని పైపు బయట పెట్టారు. పైపుకు ఒక పక్క సీసం నింపిన పెట్టెలో సీజియం-137 గుళిక, అవతలి పక్క గామా కిరణాలను లెక్కపెట్టే డిటెక్టర్. మధ్యలో స్లర్రీ ఎంత బరువుగా ఉంటే అవతలికి చేరే కిరణాలు అంత తగ్గుతాయి. రిగ్గు మీద దీన్ని డెన్సిటోమీటర్ అంటారు. వాడుకలో నలిగి డెన్సోమీటర్ అయింది. కొందరు ఉత్త 'న్యూక్లియర్' అనేస్తారు.

ఇంతకీ ఆ అంకె కోసం అణుపదార్థాన్ని లారీ మీద ఊరూరా తిప్పాల్సినంత అవసరం ఏమొచ్చింది? బావి తవ్వాక అందులో దించిన ఉక్కు కేసింగ్‌కూ చుట్టూ ఉన్న రాతికీ మధ్య సందు మిగులుతుంది. ఆ సందును సిమెంటుతో మూయకపోతే లోతున ఉన్న గ్యాసు దాని వెంటే పైకి పాకుతుంది. పోసే స్లర్రీ తేలికైతే గ్యాసు ఒత్తిడిని ఆపలేదు, బరువెక్కితే రాయి చీలి స్లర్రీ ఆ చీలికలో మాయమవుతుంది. 3,000 మీటర్ల లోతు బావిలో స్లర్రీ సాంద్రత 0.2 పీపీజీ మారితే అడుగున ఒత్తిడి దాదాపు 7 వాతావరణ పీడనాల మేర మారుతుంది. పీపీజీ అంటే గాలనుకు ఇన్ని పౌండ్లని. ప్రపంచంలో చాలా దేశాలు లీటర్లు, కిలోలకు మారినా చమురు రంగం ఈ పాత అమెరికన్ కొలతను వదల్లేదు. మంచినీళ్లు 8.33. చమురు బావుల్లో వాడే క్లాస్ జీ సిమెంటును దాని బరువులో 44 శాతం నీళ్లతో కలిపితే 15.8, అంటే నీటికి 1.9 రెట్ల బరువు.

ఇక్కడ ఒక మాట. మేస్త్రీ తాపీతో ఎత్తి చూసి "చిక్కగా ఉంది" అన్నప్పుడు జిగటనూ బరువునూ కలిపే చెబుతాడు. డెన్సోమీటరుకు జిగట తెలియదు. ఆముదం నీళ్లకన్నా చిక్కన, అయినా నీళ్ల మీద తేలుతుంది. స్లర్రీలోనూ ఈ రెండూ వేర్వేరు దారుల్లో పోగలవు. కొలిచేది సాంద్రతను, అదొక్కదాన్నే.

నిజం చెప్పాలంటే అదీ కొలవదు. ఈ పరికరం గురించి మొదట తెలుసుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం. తెర మీద 15.8 కనిపిస్తుంది గానీ డిటెక్టరుకు తెలిసింది సెకనుకు ఇన్ని కిరణాలు తగిలాయన్న లెక్క మాత్రమే. ఆ లెక్కను సాంద్రతగా మార్చేది ఒక ఘాతాంక సూత్రం, అందులో మనం ముందే పెట్టిన రెండు మూడు అంకెలు. ఆ అంకెలు పెట్టడమే కాలిబ్రేషన్. అవి తప్పయితే పరికరం ఎంతో ధీమాగా తప్పు చెబుతుంది.

ఉదాహరణకు 5 సెంటీమీటర్ల లోవ్యాసమున్న పైపు తీసుకుందాం. ఖాళీ పైపు గుండా 100 గామాలు పోతాయనుకుంటే, నీళ్లు నింపినప్పుడు 65 పోతాయి. 15.8 పీపీజీ స్లర్రీ నింపితే 47. నీళ్లకూ సిమెంటుకూ మధ్య ఉన్న జాగా మొత్తం ఆ పద్దెనిమిదే. లెక్కలో ఒక్క శాతం తప్పు దొర్లితే సాంద్రతలో 0.2 పీపీజీ తప్పు. పైపు ఇంకా సన్నదైతే ఈ జాగా ఇంకా కుంచించుకుపోతుంది.

నీళ్లతోనే సరిచూసి వదిలేస్తే వచ్చే చిక్కు మరొకటుంది. చాలామంది సీనియర్లకు కూడా అది చేతి అనుభవంగానే తెలుసు, కారణం తెలియదు. గామా కిరణానికి బరువు తెలియదు, ఎలక్ట్రాన్లే తెలుసు. సీజియం-137 నుంచి వచ్చే 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణం పదార్థంలోని ఎలక్ట్రాన్లను గుద్దుకుని దారి తప్పుతుంది. ఆర్థర్ కాంప్టన్ 1923లో వివరించిన పరిక్షేపణ ఇదే. కాల్షియం, సిలికాన్, ఆక్సిజన్ లాంటి మూలకాల్లో ఒకే బరువుకు ఎలక్ట్రాన్ల సంఖ్య దాదాపు సమానం కాబట్టి ఎలక్ట్రాన్లను లెక్కపెడితే బరువును తూచినట్టే. ఈ పొత్తును చెడగొట్టేది హైడ్రోజన్. న్యూట్రాన్ లేని దాని పరమాణువులో బరువుకు మించి ఎలక్ట్రాన్ ఉంటుంది. నీళ్ల నిండా హైడ్రోజనే. కాబట్టి గ్రాముకు గ్రాము చూస్తే సిమెంటు కన్నా నీళ్లు పదో వంతు ఎక్కువగా కిరణాలను అడ్డుకుంటాయి. నీళ్లతో వచ్చిన గుణకాన్నే స్లర్రీకీ వాడితే, నిజంగా 15.8 ఉన్నది 14.7గా కనిపిస్తుంది. దాన్ని నమ్మి ఇంకా సిమెంటు కలుపుకుంటూ పోతే స్లర్రీ పంపులో ఇరుక్కుంటుంది. పరికరం తయారుచేసేవాళ్లు ఈ వంపును సరిదిద్దే లెక్కను లోపలే పెట్టి పంపుతారు. అయినా రెండో బిందువు తప్పదు. బరువైన ద్రవాన్ని పైపులో నింపి, అదే ద్రవాన్ని ప్రెషరైజ్డ్ మడ్ బ్యాలెన్స్ అనే త్రాసులో తూచి, రెండూ ఒకే మాట చెబుతున్నాయా అని చూడాలి. కొన్ని చోట్ల ద్రవానికి బదులు తెలిసిన మందం ఉన్న లోహపు దిమ్మను కిరణానికి అడ్డుపెడతారు.

ఒట్టి మడ్ బ్యాలెన్స్ చాలదు. స్లర్రీ కలిపేటప్పుడు గాలి బుడగలు చిక్కుకుంటాయి, మూత లేని కప్పులో తూస్తే బుడగలతో సహా తూగి తేలికగా కనిపిస్తుంది. ప్రెషరైజ్డ్ రకంలో చిన్న చేతిపంపుతో కప్పులోకి మరికొంత స్లర్రీని నెట్టి బుడగలను నలిపేస్తారు. సిమెంటు పరీక్షలకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) పెట్టిన పద్ధతుల్లో దీనికే పెద్దపీట. బుడగల పేచీ డెన్సోమీటరుకూ ఉంది. మిక్సింగ్ టబ్బు పక్కన తక్కువ ఒత్తిడి లైన్లో బిగించినది బుడగలను కలుపుకుని చెబుతుంది. పంపు దాటాక అధిక ఒత్తిడి లైన్లో ఉన్నదానికి బుడగలు నలిగిపోయి నిజమైన సాంద్రత కనిపిస్తుంది. రెండు గేజీలు రెండు అంకెలు చూపిస్తే పోట్లాడుకోవాల్సిన పనిలేదు, రెండూ నిజమే చెబుతుండవచ్చు.

కాలిబ్రేషన్‌కు నింపే నీళ్ల విషయంలోనే ఎక్కువమంది దొరికిపోతారు. సముద్రం మీది ప్లాట్‌ఫాం మీద చేతికందేది ఉప్పునీరు. దాని సాంద్రత సుమారు 8.55. మంచినీళ్లని 8.33 కొట్టేస్తే పని మొదలుకాకముందే 0.2 పీపీజీ పైచిలుకు తప్పు తలకెక్కినట్టే. ఎండలో కాగిన ట్యాంకు నీళ్లూ కొంచెం తేలికే. 40 డిగ్రీల దగ్గర 8.28 ఉంటాయి. ఇది చిన్న తేడానే, అయితే చిన్నవి అన్నీ ఒకే వైపు మొగ్గే రోజు ఒకటి వస్తుంది. నీళ్లు నింపాక పైపు పైభాగంలో గాలి మిగిలిందేమో కూడా చూడాలి. స్లర్రీ కింది నుంచి పైకి పారే నిలువు పైపు మీద గేజీ బిగించమనేది ఇందుకే. అడ్డంగా ఉన్న పైపులో గాలి పైకి చేరుతుంది, రేణువులు కిందికి దిగుతాయి. అక్కడ బిగించక తప్పకపోతే కిరణం పక్కనుంచి పక్కకు పోయేలా పెడతారు.

ఇక కాలం చేసే మోసం. సీజియం-137 అర్ధాయువు 30 ఏళ్లు, అంటే ఏడాదికి 2.3 శాతం తరుగుతుంది. గుళిక తరిగితే కిరణాలు తగ్గుతాయి, కిరణాలు తగ్గితే స్లర్రీ బరువెక్కిందని పరికరం అనుకుంటుంది. తరుగును సరిదిద్దకుండా ఏడాది వదిలేస్తే, మన 5 సెంటీమీటర్ల పైపులో ఇది దాదాపు అర పీపీజీ. ఏ దిక్కుకు పోతుందో గమనించండి. తెర మీద బరువు కనబడుతోంది కాబట్టి ఆపరేటర్ నీళ్లు పెంచుతాడు. 15.8 చూపించేదాకా పెంచితే, 50 కిలోల సిమెంటు బస్తాకు 22 లీటర్లు పోయాల్సినచోట దాదాపు 24 లీటర్లన్నర పడతాయి. స్లర్రీ నీళ్లోడుతుంది, గట్టిపడ్డాక బలహీనంగా ఉంటుంది. తెర మీద గీత మాత్రం తిన్నగా, అందంగా ఉంటుంది. ఇప్పటి పరికరాలు తారీఖు చూసి తరుగును తామే లెక్కేసుకుంటాయి, వాటి గడియారం సరిగా ఉన్నంతవరకు. బ్యాటరీ మార్చినప్పుడు తారీఖు చెదిరిందేమో చూడటం కూడా కాలిబ్రేషన్లో భాగమే.

మిగతా తప్పులు రెండు మూడు మాటల్లో అయిపోతాయి. గోడ అరిగి పైపు పల్చనైతే కిరణాలు పెరుగుతాయి, స్లర్రీ తేలికగా కనబడుతుంది. లోపల పాత సిమెంటు పొరకడితే నీళ్లు నింపినా 8.33కు దిగదు. అలాంటప్పుడు బటన్ నొక్కి బలవంతాన 8.33 చేసేయడం రిగ్గు మీద అతి తేలికైన, అతి చెడ్డ పని. ఆ బటన్ నొక్కితే మురికి పోదు, లెక్కలో కలిసిపోతుంది. పక్కనే మరో యూనిట్ నిలిపితే దాని గుళిక కిరణాలు ఇటు తగలవచ్చు. దగ్గర్లో వెల్డింగ్ అతుకులకు గామా రేడియోగ్రఫీ జరుగుతుంటే అంకె అర్థంలేకుండా గెంతుతుంది. డిటెక్టర్లో ఉండే సోడియం అయోడైడ్ స్ఫటికానికీ, దాని వెనకున్న ఫొటోమల్టిప్లయరుకూ వేడీ గతుకులూ రెండూ గిట్టవు. లారీ మీద ఉండేవి ఆ రెండే.

అంకె నిలకడగా ఉండకపోవడం మాత్రం ఏ రిపేరుతోనూ పోయేది కాదు. గుళికలోని పరమాణువులు వాటి ఇష్టం వచ్చినప్పుడు విచ్ఛిన్నమవుతాయి. 10,000 కిరణాలు లెక్కకొస్తే అందులో 100 అటూ ఇటూ ఊగడం ప్రకృతి ధర్మం. అది ఒక శాతం, అంటే మన పైపులో 0.2 పీపీజీ. సెకనుకు 2,000 కిరణాలు తగిలే డిటెక్టర్ అనుకుంటే ఈ పదివేలకు 5 సెకన్లు పడుతుంది. ఊగిసలాటను 0.05కు తగ్గించాలంటే పదహారు రెట్ల కిరణాలు, 80 సెకన్ల సగటు కావాలి. ఆ 80 సెకన్లలో వెయ్యి లీటర్లకు పైగా స్లర్రీ గేజీని దాటి బావిలోకి వెళ్లిపోతుంది. డ్యాంపింగ్, అంటే సగటు తీసే సమయం, పెంచితే తెర ప్రశాంతంగా ఉంటుంది, వార్త ఆలస్యంగా వస్తుంది. తగ్గిస్తే వార్త వెంటనే వస్తుంది గానీ ఆటోమేటిక్ మిక్సర్ ప్రతి ఊగిసలాటకూ వాల్వులు తిప్పుతూ, లేని తప్పును దిద్దబోయి ఉన్న స్లర్రీని చెడగొడుతుంది. పెద్ద గుళిక పెడితే ఈ బాధ తగ్గుతుంది, అవతల భద్రత బాధ పెరుగుతుంది. ఎవరి సర్దుబాటు వాళ్లది. నాకైతే గీత మరీ నున్నగా ఉన్న జాబ్ చార్టును చూస్తే నమ్మకం కన్నా అనుమానమే ముందు కలుగుతుంది.

అంకె సరిగ్గా ఉన్నా పని చెడొచ్చు. పాలల్లో నీళ్లతో పాటు చక్కెర కూడా కలిపితే లాక్టోమీటరు మోసపోయినట్టే, పొడి మిశ్రమం పాళ్లు తప్పి నీళ్లు కూడా తప్పితే సాంద్రత కచ్చితంగా 15.8 రావచ్చు. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో మకోండో బావి పేలి 11 మంది చనిపోయిన ఉదంతం అందరికీ తెలిసిందే. అక్కడ 16.74 పీపీజీ మూల స్లర్రీలో నైట్రోజన్ బుడగలు కలిపి 14.5కు తేలికచేసిన నురుగు సిమెంటును అడుగున పోశారు. తర్వాత అమెరికా అధ్యక్షుడు వేసిన విచారణ కమిషన్ కోసం అదే రకం సిమెంటును ప్రయోగశాలలో పరీక్షిస్తే ఆ నురుగు నిలకడగా ఉండలేదు. ఆ ప్రమాదాన్ని డెన్సోమీటరు మీద మోపడానికి లేదు. ఉపరితలం మీద నురుగు స్లర్రీ ఎంత బరువు తూగిందో చెప్పడం వరకే గేజీ పని, లోతున బుడగలు విడిపోతాయా నిలుస్తాయా అన్నది దాని శక్తికి మించిన ప్రశ్న.

మన దగ్గర ఈ సంగతులు పట్టేది కృష్ణా-గోదావరి బేసిన్‌లో. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో గ్యాసు అదుపు తప్పి రాజుకున్న బ్లోఅవుట్ 65 రోజులు మండింది. అది డ్రిల్లింగ్ నడుస్తున్నప్పటి ప్రమాదం, సిమెంటింగ్‌ది కాదు. అయితే కొబ్బరితోటల కింద గ్యాసు ఎంత ఒత్తిడితో ఉందో కోనసీమ జనానికి అప్పటి నుంచీ ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాంటి చోట కేసింగ్ వెనక పడే ప్రతి బ్యారెల్ స్లర్రీ బరువు ఊళ్లకు సంబంధించిన సంగతే. ఆ బరువు చెప్పే గేజీల మీద పెత్తనం ఇంకొకరిది. 1983 నవంబరు 15న ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ, అనుమతి లేకుండా గుళిక కొనడానికీ కదపడానికీ వీల్లేదు. సంస్థకు రేడియేషన్ భద్రతాధికారి ఉండాలి, రేడియేషన్ పనివాళ్లు మోతాదును కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ పెట్టుకోవాలి. పనివాడికి తగిలే మోతాదు ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు మించకూడదు, ఐదేళ్లలో 100 దాటకూడదు. మామూలు జనానికి ఏడాదికి 1.

ఈ గేజీల్లో మామూలుగా వాడే గుళిక 100 నుంచి 200 మిల్లీక్యూరీలు, అంటే 3.7 నుంచి 7.4 గిగాబెక్రల్స్. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రమాదాన్ని బట్టి చేసిన ఐదు తరగతుల్లో ఇది నాలుగోది, ప్రాణాంతకమయ్యే అవకాశం తక్కువ. పెట్టెలో ఉన్నంతసేపు దాని పక్క నిలబడి పనిచేసేవాడికి వచ్చేది స్వల్పం. ఆరున్నర మిల్లీమీటర్ల సీసం అడ్డుపడితే సీజియం గామా సగమవుతుంది, పెట్టెలో అలాంటి పొరలు చాలా ఉంటాయి. కవచం లేకుండా బయటపడితే వేరే సంగతి. 7.4 గిగాబెక్రల్స్ గుళికకు ఒక మీటరు దూరంలో గంటన్నర నిలబడితే సాధారణ పౌరుడి ఏడాది కోటా పూర్తవుతుంది. జేబులో వేసుకుంటే దూరం సెంటీమీటర్లకు తగ్గుతుంది, మోతాదు వేల రెట్లు పెరుగుతుంది. చర్మం కాలడానికి ఆ తరగతి సంఖ్య అడ్డురాదు.

కాబట్టి రిగ్గు మీద నియమాలు కొన్నే, కానీ బేరాల్లేనివి. రోడ్డెక్కేముందు కిరణం దారికి అడ్డుపడే షట్టర్ మూసి తాళం వేయడం. పైపు విప్పేముందు, లోపల గడ్డకట్టిన సిమెంటును సుత్తితో కొట్టేముందు షట్టర్ మూయడం, నిజంగా మూసుకుందా అని సర్వే మీటరుతో చూడటం. హ్యాండిల్ తిరిగినా లోపలి పలక కదలని రోజులుంటాయి, సిమెంటు దుమ్ము దేన్నైనా బిగుసుకుపోయేలా చేస్తుంది. ఆ పెట్టెకు దగ్గరలో వెల్డింగ్ చేయకూడదు, సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. అమెరికాలో ఇలాంటి గేజీలకు షట్టరునూ, గుళిక కారుతోందేమో చూసే తుడుపు పరీక్షనూ మామూలుగా ఆరునెలలకోసారి చేయాలన్న నిబంధన ఉంది.

అసలు ప్రమాదాలు గేజీ పనిచేస్తున్నప్పుడు తక్కువ, ప్రయాణంలోనూ మరుపులోనూ ఎక్కువ. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇనుప ఖనిజం సాంద్రతను కొలిచే గేజీ ఒకటి గనిలోంచి పెర్త్‌కు 1,400 కిలోమీటర్లు లారీ మీద వెళ్లింది. మన డెన్సోమీటరుకు అది అన్నదమ్ముల వరస. దారి పొడవునా కుదుపులకు బోల్టు ఊడి, ఆ కన్నంలోంచి 8 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న 19 గిగాబెక్రల్స్ గుళిక జారిపోయింది. పెర్త్‌లో పెట్టె విప్పేదాకా ఎవరికీ తెలియదు. ఫిబ్రవరి 1న గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాహనంలోని డిటెక్టర్ దాన్ని రోడ్డుకు 2 మీటర్ల దూరంలో పట్టింది. సిమెంటింగ్ యూనిట్లు ఏడాది పొడవునా తిరిగేది అలాంటి దారుల్లోనే.

ఉక్రెయిన్‌లోని క్రమతోర్స్క్‌ కథ ఇంకా దారుణం. 1970ల చివర ఒక కంకర క్వారీలో కొలత పరికరంలోని సీజియం గుళిక పోయింది. వెతికారు, దొరకలేదు. కంకరతో పాటు కాంక్రీటులో కలిసి ఒక అపార్ట్‌మెంటు గోడలో చేరింది. 1989లో కనిపెట్టేలోగా ఆ ఇంట్లో కాపురమున్న వాళ్లలో నలుగురు చనిపోయారు. అది ఎక్కడిదో తేలింది గోడలోంచి తీసిన గుళిక మీద చెక్కిన నంబరుతో.

ఇవన్నీ చూసి సీజియమే వద్దనేవాళ్లు పెరుగుతున్నారు. వాళ్ల చేతిలో ఉన్న ప్రత్యామ్నాయం కోరియోలిస్ మీటర్. కంపించే గొట్టంలోంచి ద్రవం పోతుంటే బరువును బట్టి కంపన వేగం మారుతుంది, దాన్నుంచి సాంద్రత తెలుస్తుంది. 1977లో కొలరాడోలో మొదలైన మైక్రో మోషన్ కంపెనీ ఈ మీటర్లను పరిశ్రమల్లోకి తెచ్చింది. మిక్సర్ పక్క తక్కువ ఒత్తిడి లైన్లలో ఇవి చాలాచోట్ల స్థిరపడ్డాయి. లైసెన్సు అక్కర్లేదు, తరుగు లేదు, ఊగిసలాట తక్కువ. గాలి బుడగలు ఎక్కువైతే కంపనం గాడి తప్పుతుంది, లోపలి గొట్టం అరుగుతుంది, వందల వాతావరణ పీడనాల లైన్లో పెట్టేంత దళసరి గొట్టం చేస్తే కంపన సున్నితత్వం పోతుంది. అందుకే అధిక ఒత్తిడి వైపు, నురుగు సిమెంటు పనుల్లో సీజియం ఇంకా కూర్చునే ఉంది. నా అంచనా, తక్కువ ఒత్తిడి వైపు కోరియోలిస్‌దే రాజ్యమవుతుంది. అధిక ఒత్తిడి వైపు దాన్ని దించాలంటే ఇంకా మంచి గొట్టం రావాలి.

పాత గేజీల సంగతి మాత్రం ఆగదు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో ఒకరు చనిపోయింది ఒక విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత గామా యంత్రంలోని కోబాల్టుతో. అది మన గేజీల కన్నా ఎన్నో రెట్లు పెద్దది, అయినా తుక్కు బజారుకు నడిచిన దారి ఒకటే. కంపెనీ చేతులు మారుతుంది, యూనిట్ వేలానికి పోతుంది, రిజిస్టరు ఒక చోట, పెట్టె ఒక చోట మిగులుతాయి. వాడకం ముగిసిన గుళికను తయారీదారుకు గానీ అనుమతి ఉన్న నిల్వ కేంద్రానికి గానీ తిప్పి పంపి, రశీదు తెచ్చుకున్నాకే యూనిట్ అమ్మాలి. 20 ఏళ్లకు లారీ తుక్కు కిందికి వస్తుంది. అప్పటికీ గుళికలో 63 శాతం సీజియం మిగిలే ఉంటుంది.